చైనా సారు నేర్పిన ఊపిరి

పోయిన వారం మా పటేల్‌గూడ అపార్ట్‌మెంటు మేడ మీదికి ఒక పాతికేళ్ల అమ్మాయి వచ్చి, మోకాళ్ల నొప్పులతో మూలిగే నాబోటి ఆడవాళ్లందరినీ రబ్బరు చాపల మీద నిలబెట్టి, కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టమని, మోకాళ్లు కాస్త సడలించమని, నాలుక కొసను అంగిలికి ఆనించమని చెప్తుంటే, ఆ తరువాతి మాట ఆమె నోటి నుంచి రాకముందే నా రెండు చేతులూ వాటంతటవే బొడ్డు కిందికి వెళ్లి ఒకదాని మీద ఒకటి ఆనుకున్నాయి. ఆ పిల్ల ఆశ్చర్యపోయి, ఇది చైనా వాళ్ల పద్ధతి కదాంటీ, మీరెక్కడ నేర్చుకున్నారు అని అడిగింది. కంపెనీలో అన్నాను. మా అమ్మాయి పనిచేసేలాంటి అద్దాల మేడ అనుకుంది కాబోలు, ఆ రోజుల్లోనే అంత మంచి కంపెనీలుండేవా అని మురిసిపోయింది. నేను దిద్దలేదు. ఊపిరి నిండుగా లోపలికి తీసుకోండి అని ఆమె అనగానే నాకు మా వదిన గుర్తొచ్చి, మోకాలు పట్టేసిందని చెప్పి కిందికి దిగి వచ్చేశాను. వచ్చానే గానీ ఆ రోజంతా ఏ పనీ తోచలేదు. మన ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, విసుక్కోకుండా వింటారని ఇదంతా రాస్తున్నాను.

మా నాన్న చనిపోయిన ఏడాదే నన్ను మా అన్న పటాన్‌చెరు పక్కనున్న చిట్కుల్‌కి తీసుకొచ్చాడు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. అన్న పైపుల ఫ్యాక్టరీలో చేసేవాడు, వదిన మందుల కంపెనీలో. మందుల కంపెనీ అంటే అక్కడ గోలీలు తయారయ్యేవని కాదు. గోలీల్లోకి వెళ్లే పొడి తయారయ్యేది. ఎండబెట్టిన ఆ తెల్లటి పొడిని జల్లెడ మెషిన్‌లో పోసి, కింద పడినదాన్ని చేటంత గరిటెలతో డ్రమ్ముల్లోకి ఎత్తిపోయడం ఆడవాళ్ల పని. మేమంతా కాంట్రాక్టరు మనుషులం. పొద్దున గేటు దగ్గర పేర్లు పిలుస్తారు, పిలిస్తే లోపలికి, పిలవకపోతే ఇంటికి. ఎందుకు పిలవలేదని అడిగే రివాజు లేదు. వదిన కాంట్రాక్టరుతో గట్టిగా మాట్లాడి నన్ను కూడా తన పక్కనే పనికి పెట్టించింది.

మా వదిన మంచి ఎత్తరి, నోరు మరీ గట్టిది. నేను వచ్చిన కొత్తలో అన్నం మాడబెట్టానని వీపు మీద చరిచిన చరుపు ఇప్పటికీ నాకు తెలుసు. ప్రేమగా ఒక్క మాట అన్న గుర్తు లేదు. కానీ పనిలో చేరిన మొదటి రోజు తన పాత చీర చింపి, తడిపి, పిండి, నా ముక్కుకీ నోటికీ నాలుగు మడతలు కట్టింది ఆమే. తనకు మాత్రం ఒకటే మడత. గట్టిగా కట్టుకుంటే అరవడానికి కుదరదనేది. కంపెనీ వాళ్లిచ్చిన మూతిగుడ్డలు మొదటివారమే తాళ్లు తెగిపోయేవి, అడిగితే జీతంలో కోత అనేవారు. ఆ పొడి చేదు ఎంతటిదంటే, ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నా మొదటి ముద్ద చేదుగానే ఉండేది. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగితే చాయ్ చేదు. పెదవి తడుపుకుంటే పెదవి చేదు. పండక్కి చేసుకున్న పాయసం కూడా చేదేనని మేం నవ్వుకునేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు ఎందుకు నవ్వుతామో మనకే తెలియదు.

దగ్గు అందరికీ ఉండేది. వదినకు ఎక్కువ. మాట మధ్యలో ఆగి, కడుపు పట్టుకుని దగ్గి, మళ్లీ ఆగిన తిట్టు దగ్గరి నుంచే అందుకునేది.

అలాంటి రోజుల్లో మా మేనేజరు ఏదో సరుకు బేరానికి చైనా వెళ్లొచ్చాడు. అక్కడి ఫ్యాక్టరీలో పొద్దున్నే పనివాళ్లంతా వరసల్లో నిలబడి ఊపిరి కసరత్తు చేస్తుంటే చూసి ముచ్చటపడ్డాడట. మన దగ్గరా పెట్టాలి, విదేశాల నుంచి కొనేవాళ్లు చూడ్డానికి వస్తే బాగుంటుంది అని పట్నం నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించాడు. బక్కపలచటి మనిషి, తెల్ల పైజామా, భుజానికి గుడ్డ సంచి. కలకత్తాలో స్థిరపడిన ఒక చైనా వైద్యుడి దగ్గర చాలా ఏళ్లు ఉండి సూదుల వైద్యమూ, ఈ ఊపిరి విద్యా నేర్చుకున్నాడని చెప్పారు. మనవాడే, తెలుగే మాట్లాడేవాడు, అయినా మొదటి రోజు నుంచే ఆయన మాకు చైనా సారు అయిపోయాడు.

డ్రమ్ముల షెడ్డు పక్కన మమ్మల్ని వరసగా నిలబెట్టి ఆయన చెప్పిన మొదటి మాటకే మా వరసలు చెదిరిపోయాయి. మనిషి ఒంట్లో ఒక శక్తి కాలువల్లో నీళ్లలాగా పారుతూ ఉంటుందట, అది ఎక్కడ ఆగితే అక్కడ జబ్బట, దాని పేరు చీ అట. చీ అనగానే ఎవరో ఛీ అన్నారు, ఇంకెవరో ఛీఛీ అన్నారు, నవ్వులే నవ్వులు. మేం ఖాలా అని పిలిచే ముసలామె ఒకామె ఉండేది, ఇస్నాపూర్‌లో గాజుల కొట్టు దివాలా తీశాక పనిలోకి వచ్చిన మనిషి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "యా అల్లా, గిన్నొద్దులు ఊపిరి తీసుకోకుండనే బతికినమా సార్?" అంది. ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వడం వల్లే మేం మర్నాడు కూడా నిలబడ్డాం. పక్కనుండి చూస్తున్న సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి అతను మమ్మల్ని ఛీ బ్యాచ్ అని పిలవడం మొదలుపెట్టాడు.

మగవాళ్ల ముందు మోకాళ్లు వంచి నిలబడటానికి మొదట సిగ్గుపడ్డాం గానీ, రోజులు గడిచేకొద్దీ అలవాటైంది. ముక్కుతో నెమ్మదిగా తీసుకోవాలి, పొట్ట నిండాలి, నోటితో అంతకంటే నెమ్మదిగా వదలాలి. ఎప్పుడూ బిగబట్టకూడదు, పారేదాన్ని కట్టెయ్యకూడదు అని ఆయన రోజూ చెప్పేవాడు. ఊపిరితిత్తుల కాలువ మెడ ఎముక కింద మొదలై, చేతి లోపలివైపు నుంచి దిగి బొటనవేలి దాకా వస్తుందని, ఆ దారి పొడుగునా అరచేత్తో మెత్తగా తట్టుకోమనేవాడు. అందరికంటే ఎక్కువ వెక్కిరించిన మా వదినే అందరికంటే ముందు దారికొచ్చింది. ఒకరోజు సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని చేయి తట్టుకుంటూ నన్ను చూసి, ఏం చూస్తున్నవ్, పప్పు పొంగుతున్నది చూడు అని కసిరింది. ఆ వారం ఆమె అన్నం తినేటప్పుడు దగ్గలేదు. అన్న కూడా గమనించాడు. ఆ ఇంట్లో ముగ్గురం ప్రశాంతంగా కూర్చుని తిన్న రోజులు అవే.

ఒకనాడు సారు చైనా వైద్యం ప్రకారం ఒక్కో అవయవంలో ఒక్కో భావం నిలుస్తుందని చెప్తూ, ఊపిరితిత్తుల్లో ఉండేది దుఃఖమని, లోపల దాచుకున్న దుఃఖమే ఊపిరికి అడ్డుపడుతుందని అన్నాడు. వరసలోంచి మా వదిన గొంతు వినిపించింది.

"దుఃఖం గాదు సారూ. పౌడరున్నది."

ఎవరూ నవ్వలేదు. ఏం పౌడరమ్మా అని ఆయన అడిగాడు. "మాకేమెర్క? డబ్బా మీద ఇంగ్లీషుల రాసుంటది," అంది వదిన. ఆయన షెడ్డు వైపు చూశాడు. లోపలికి వెళ్లి చూస్తానన్నాడట, బయటివాళ్లకు అనుమతి లేదన్నారట. ఆ తరువాత ఆయన దుఃఖం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంతలో ఒకరోజు గేటు దగ్గర ఖాలా పేరు పిలవలేదు. ఏదో పొరపాటనుకున్నాం. మర్నాడూ పిలవలేదు. ఆమె రోజూ వచ్చి గేటు పక్క మురుగు మోరీ కట్ట మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్లేది. వాచ్‌మన్ కసిరితే లేచి కొంచెం దూరం జరిగి మళ్లీ కూర్చునేది. తరువాత ఇంకొకామె పేరు పోయింది, ఆ తరువాత మరొకామెది. పోయినవాళ్లంతా పొద్దున కసరత్తులో నిండుగా ఊపిరి తీసుకోగానే దగ్గు తెర వచ్చి వంగిపోయినవాళ్లే. సూపర్‌వైజరు రోజూ పక్కన చేతులు కట్టుకుని ఎందుకు నిలబడుతున్నాడో అప్పటికి గానీ మాకు అర్థం కాలేదు. మామూలుగా అయితే పనిలో ఎవరు దగ్గినా మెషిన్ చప్పుడులో తెలిసేది కాదు. ఇప్పుడు ఎవరి ఊపిరితిత్తులు ఎంతగా చెడ్డాయో పొద్దున్నే, నిశ్శబ్దంలో, వరసగా నిలబెట్టి వినడానికి వాళ్లకు సులువైంది. రేపు ఈ మనుషులు జబ్బుపడి కంపెనీ పేరు చెప్తారేమోనన్న భయంతో ముందుగానే బయటికి నెట్టేస్తున్నారు.

అప్పటి నుంచి మేం ఊపిరి తీసుకోవడం మానేశాం. అంటే తీసుకున్నట్టు నటించేవాళ్లం. భుజాలు ఎత్తడం, దించడం, పెదవులు సున్నాలా చుట్టడం, అంతే. సారుకు రెండు రోజుల్లో తెలిసిపోయింది. ఎవరూ గాలి తీసుకోవడం లేదేమ్మా, నా మీద కోపమా అని అడిగాడు. సాయంత్రం ఆయన బస్సు కోసం నిలబడితే వదిన నన్ను చేయి పట్టుకుని లాక్కెళ్లి ఆయన ముందు ఆగింది.

"మీరు నిండుగ తీసుకోమంటరు. నిండుగ తీసుకుంటె దగ్గొస్తది. దగ్గొస్తె సూపర్‌వైజరు సూస్తడు. తెల్లారి పేరు పిలువరు. గిదీ సంగతి."

ఆయన ముఖం నాకిప్పటికీ కళ్లకు కడుతుంది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. "నాకు తెలియదు తల్లీ," అన్నాడు. వదిన మెత్తబడలేదు. "ఇప్పుడెర్కయింది గద," అని వెనక్కి తిరిగింది.

మర్నాడు ఆయన కొత్త కసరత్తు మొదలుపెట్టాడు. చైనా వాళ్లకు ఒక్కో అవయవానికి ఒక్కో శబ్దం ఉందట. ఊపిరితిత్తుల శబ్దం పళ్ల సందులోంచి గాలి వదులుతూ చేసే స్‌స్‌స్ అన్న చప్పుడు. చేతులు పైకెత్తి అందరూ ఒకేసారి, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా అన్నాడు. షెడ్డు పక్కన నూరు కుక్కర్లు ఒకేసారి కూతపెట్టినట్టయింది. ఆ చప్పుడులో ఎవరు దగ్గుతున్నారో దేవుడికి కూడా వినపడదు. అర్థమైనవాళ్లం ఒకరినొకరం చూసుకుని మరింత గట్టిగా బుసకొట్టాం. సూపర్‌వైజరు వరసల మధ్యకు వచ్చి చెవి పెట్టి తిరిగాడు, వాడి చెవిలోనే బుసకొట్టాం. చాలా వారాల పాటు ఒక్క పేరు పోలేదు. నా పడుచుతనంలో నేను మనసారా సంతోషపడ్డ పొద్దుటిపూటలు ఏవని అడిగితే అవే చెప్తాను.

అది ఎన్నాళ్లో సాగలేదు. మేనేజరే వచ్చి కాసేపు చూసి, ఈ బుసలేంటని, ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి ఊపిరి బిగబట్టించి ఎవరు ఎంతసేపు ఆపగలరో చూడమని చెప్పాడు. సారు ఒప్పుకోలేదు. బిగబట్టడం ఈ విద్యలో లేదన్నాడు. ఉంటే నేర్పు, లేకపోతే కొత్తగా పెట్టు అన్నాడు మేనేజరు. మా అందరి ముందే ఇద్దరికీ మాట పెరిగింది. "ఆడవాళ్లకు ఊపిరాడ్డం లేదయ్యా, ముందు ఆ షెడ్డులో దుమ్ము సంగతి చూడు," అని సారు గొంతెత్తాడు. అంతే, వాచ్‌మన్ వచ్చి ఆయన రెక్క పట్టుకున్నాడు. గేటు దాకా నడిపించి, వెనకాల ఆయన సంచి విసిరేశారు. అది మోరీ పక్కన ఖాలా కాళ్ల దగ్గర పడితే, ఆమే ఎత్తి మట్టి దులిపి ఆయన చేతికిచ్చింది.

పరీక్ష మాత్రం ఆగలేదు. ఆ పొద్దున సూపర్‌వైజరే పెట్టాడు. ఒక్కొక్కరూ ముందుకు వచ్చి నిలబడాలి, అతను చేయి ఎత్తినప్పుడు ఊపిరి తీసుకుని, చేయి దించేదాకా వదలకూడదు. కొందరికి త్వరగా దించాడు. మా వదిన ముందుకొచ్చి నిలబడగానే, పౌడరామె గద నువ్వు అని నవ్వి చేయి ఎత్తాడు. ఎత్తి, పక్కనున్న స్టోరు బాబుతో కబుర్లలో పడ్డాడు. వదిన నిలబడే ఉంది. ఆమె మెడ నరాలు లేచాయి, కళ్లు ఎర్రబడ్డాయి, ముఖం నల్లగా అయింది. అతను ఓరకంట చూస్తూనే ఉన్నాడు, చేయి దించడు, కబుర్లు ఆపడు. మగవాళ్లు షెడ్డు గోడకు ఆనుకుని చూస్తున్నారు. నేను సార్ అని అరిచాను. అరవగానే వదిన వంగిపోయింది. వచ్చిన దగ్గుకు మోకాళ్ల మీద పడింది, సిమెంటు నేల మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

"ఛీ," అన్నాడు సూపర్‌వైజరు. "సాఫ్ చెయ్, నువ్వే."

నేను పరుగెత్తి నా కొంగుతో తుడవబోతే వదిన నా చేయి తోసేసింది. తన కొంగుతో తనే తుడిచింది, నెమ్మదిగా, మరక లేకుండా. నేను ఆమెను లేపి తీసుకెళ్లబోయాను. ఆమె నా జబ్బ పట్టుకుని గోరు దిగేలా నొక్కి, "లైన్ల నిలవడు. ఇద్దరం ఇంట్ల కూసుంటె పొయ్యి ఎట్ల ఎలుగుతది? నిలవడు అంటున్న," అంది. తరువాత ఒంటరిగా గేటు దాటి వెళ్లిపోయింది. నేను నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు అతను చేయి త్వరగానే దించాడు.

ఆ తరువాత మా వదినను ఇల్లే ఎక్కువ ఏడిపించింది. నెత్తురు పడిందని తెలియగానే గల్లీ అంతా క్షయ అన్నారు. పట్నం ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్తే క్షయ కాదు, దుమ్ముకు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, ఆ పని మానెయ్యాలి అన్నారు. పనే తనను మానేసిందని వదిన అక్కడే నవ్వింది. డాక్టరు మాట గల్లీలో ఎవరూ నమ్మలేదు. మా అన్న కూడా నమ్మలేదు. ఆమె కంచం, చెంబు, చాప వేరే పెట్టించాడు. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు తీసుకుని పక్కకు జరిగేవాళ్లు. పుట్టింటికి పంపుతానని అన్న రోజూ అనేవాడు, పుట్టింటివాళ్లు రానివ్వబోమని కబురు పంపారు గనక పంపలేదు. నేను మధ్యలో మాట్లాడితే, జీతం తెస్తున్నానని తలకెక్కిందా అనేవాడు.

చైనా సారు ఎవరెవరినో అడిగి చిట్కుల్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నేను చాయ్ పెట్టి వేరే గ్లాసులో ఇస్తే, వద్దని, వదిన చెంబు అందుకుని అందులో పోయించుకుని, గల్లీ అంతా చూస్తుండగా అరుగు మీద కూర్చుని తాగాడు. కూర్చుని చేసుకునే పద్ధతి ఒకటి నేర్పాడు. దీనితో నయం కాదమ్మా, ఆసుపత్రి మందు ఆపకూడదు, ఇది కాస్త ఊరట మాత్రమే అని దాచకుండా చెప్పాడు. ఆ తరువాత కూడా కొన్నిసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా పళ్లో, మందులో తెచ్చేవాడు. ఆయన వచ్చి వెళ్లిన రోజు నల్లా దగ్గర ఆడవాళ్లు కొంచెం తక్కువ దూరం జరిగేవాళ్లు.

ఒకరోజు అన్న ఆమె చాపను గుమ్మం బయటికి మార్చాడు. ఆ మధ్యాహ్నమే సారు వచ్చాడు. వదిన ఆయన్ని కూర్చోమనలేదు.

"మీ గాలి నేర్సుకోకపోతె నేనింక పనిల ఉంటుంటి సారూ," అంది. గొంతు పెంచలేదు, దానికే నాకు భయమేసింది. "మెషిన్ సప్పుడుల దగ్గుకుంట, తిట్టుకుంట ఉంటుంటి. నా పిడిసెడు అన్నం నేను తింటుంటి. మంచిగ జేసిన్రు. ఇగ రాకుండ్రి."

ఆయన భుజాన ఉన్న సంచి దించాడు. సంచిలోంచి పళ్లు తీసి అరుగు మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను వెంట పరుగెత్తుదామనుకున్నాను గానీ, కదిలినవంటే కాళ్లిరగ్గొడత అన్న వదిన గొంతుకు ఆగిపోయాను. ఆయన మళ్లీ రాలేదు. వదిన ఆ పళ్లు ముట్టలేదు, గల్లీ పిల్లలకు పంచేసింది.

మర్నాడు పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే ఆమె గుమ్మం బయట చాప మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. చేతులు బొడ్డు కింద ఆనించి, ముక్కుతో నెమ్మదిగా తీసుకుని, అంతకంటే నెమ్మదిగా వదులుతోంది. తరువాత మెడ ఎముక నుంచి బొటనవేలి దాకా చేతిని తట్టుకుంది. నేను చూశానని తెలిసి, బస్సు పోతది నడువు అని కసిరింది. ఆ తరువాత కొన్నేళ్లు బతికింది. నా పెళ్లికి కూడా అరుగు మీద కూర్చుని అందరినీ తిట్టింది. ఎండల్లోనూ, ముసుర్లోనూ ఆ గోడవైపు కూర్చోవడం ఒక్క పొద్దు కూడా మానలేదు. దానివల్ల దొరికిన ఊరట ఎంతంటే, తల తనే దువ్వుకోగలిగేది, ఒక రొట్టె తనే కాల్చుకోగలిగేది. చివరి పొద్దున కూడా అలాగే కూర్చుని ఉంది. పెళ్లయ్యాక రెండు గల్లీల అవతలే ఉంటున్న నేను వెళ్లేసరికి తల గోడకు ఆనింది, కుడి అరచేయి ఎడమ మోచేతి దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు ఆ కంపెనీ చేతులు మారి, పేరు మారి, ప్రహరీ మరింత ఎత్తు లేచింది. గేటు దగ్గర ఒడిశా, బీహారు పిల్లలు నిలబడుతున్నారు. మాకు దగ్గితే పని పోయేది, వాళ్లకు ముందే ఛాతీ ఫోటో తీసి, మచ్చ కనిపిస్తే గేటే దాటనివ్వరట. మూతిగుడ్డలు మంచివే ఇస్తున్నారట గానీ, ఉక్కకు గడ్డం కిందికి లాగేసుకుని ఉంటారు, బస్సులోంచి చూస్తుంటాను. చిట్కుల్‌లో మా కిరాయి ఇల్లున్న గల్లీ నిండా మేడలు వచ్చాయి. వదిన పోయాక చైనా సారు కోసం చాలా తిరిగాను. పటాన్‌చెరులో సూదుల వైద్యం బోర్డు కనిపించిన ప్రతి చోటా అడిగాను, పాత వాచ్‌మన్‌ను వెతికి పట్టుకుని అడిగాను. పేరు చెప్పమ్మా, ఫోన్‌లో నిమిషంలో వెతికిపెడతాను అంటుంది మా అమ్మాయి. ఈ రోజుల్లో పేరుంటే మనిషి దొరికినట్టేనట. సారు అంటే సారే మాకు, పేరు అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. తన వల్ల ఒక మనిషి తిండి పోయిందన్న మాటనే మోసుకుని ఆయన మా గల్లీ దాటి వెళ్లాడు. ఆ మనిషి చివరిదాకా ఆయన చెప్పినట్టే ఊపిరి తీసుకుందన్న మాట ఆయనకు చేరవేసే దారి నాకు తెలియదు.